చెరువు కట్టమీద సైకిలు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఈసారి ఉగాదికి నువ్వు కూడా నాలుగు మాటలు చెప్పాలయ్యా" అన్నప్పుడు నాకు భయం వేసింది. నేను పండితుణ్ణి కాను. పదో తరగతితో చదువు ఆగిపోయిన గుమాస్తాను. హుబ్లీ స్టేషను పార్సిలు ఆఫీసులో రసీదులు వ్రాసుకునేవాణ్ణి. ఏం మాట్లాడమంటారని అడిగితే, "పోయిన దసరాకు నీ కూతుర్ని సైకిలుమీద వూళ్ళు తిప్పినావట గదా, అదే చెప్పు, పిల్లలు గల వాళ్ళందరికీ పనికొస్తుంది" అన్నారు. అదే చెపుతాను. అయితే ఆ సైకిలు ప్రయాణంలో మా ఇంటి సంగతి కూడా కొంచెం కలిసి ఉన్నది. అది విడదీసి చెప్పడం నాకు చేతకాదు. మన్నించవలెను.

మన సంఘంలో కొత్తగా ఎవరు చేరినా మొదటి ప్రశ్న, "మీది ఏ జిల్లా?" అని. ఒకరు గుంటూరంటారు, ఒకరు నెల్లూరంటారు, కర్నూలు, అనంతపురంవారైతే సగం మంది ఉన్నారు. నేను చిక్కబళ్ళాపురం జిల్లా అనగానే ఎదుటివారి ముఖంలో చిన్న తడబాటు కనపడుతుంది. "అంటే మీరు కన్నడంవారా?" అంటారు. కాదండీ, తెలుగువాళ్ళమే. మరి బయటినుంచి వచ్చినవాళ్ళమా అంటే, అదీ కాదు. మేము ఎక్కడికీ కదలలేదు. 1956లో రాష్ట్రాలు భాషనుబట్టి పంచినప్పుడు పాత మైసూరు సంస్థానపు కోలారు జిల్లా మైసూరులోనే ఉండిపోయింది. మేమూ ఉండిపోయినాము. 2007లో కోలారును రెండు చేసి చిక్కబళ్ళాపురం జిల్లా పెట్టినారు. బాగేపల్లి, గుడిబండ, చింతామణి వైపు ఇప్పటికీ ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం కన్నడం. సంతలో బేరం రెండింటిలోనూ. చింతామణి దగ్గర కైవారంలో నారాయణ తాతయ్యగారు రెండు భాషలలోనూ పాడినారు. చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది మోక్షగుండం అనే వూరు. అందుకే ఆయన ఇంటిపేరు మోక్షగుండం. కాబట్టి మాబోటివాళ్ళను చూసి తడబడవలసిన పని లేదు.

మాది గుడిబండ తాలూకాలో సోమేనహళ్ళి. తాలూకా చిన్నది. రాళ్ళ గుట్టలు, వాటి నడుమ చెరువులు, చెరువు కింద మళ్ళు. వాన తక్కువ. రాగి, శెనక్కాయ, మల్బరీ తోటలు. చూడవచ్చినవాళ్ళకు గొప్పగా చూపించడానికి మా వూళ్ళో ఏమీ లేదని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

మా నాయన నీరుగంటి. ఈ మాట తెలియనివారికోసం చెపుతాను. చెరువు నీళ్ళు పొలాలకు పంచేవాడు నీరుగంటి. తూము ఎత్తేది అతడే, దించేది అతడే. ఎవరి మడికి ఎంతసేపు పారాలో, ఎవరి వంతు ఏ రాత్రి వస్తుందో, కాలువకు గట్టు ఎక్కడ తెగిందో అన్నీ అతని తలలో ఉండాలి. కోతలనాడు కళ్ళంలో అతనికి ఇంత అని మేర ఇచ్చేవారు. మా తాతలనుంచి వచ్చిన పని ఇది. మా కులంవాళ్ళకే అప్పజెప్పిన పని. ఊరందరి మళ్ళకూ నీళ్ళు పంచిన చెయ్యి మాది, ఆ చేత్తో ఊరి బావిలో తోడుకోనిచ్చేవారు కారు. అదొక కాలం. దాన్ని గురించి మా నాయన ఎక్కువ మాట్లాడడు, నేనూ మాట్లాడను.

1961లో వచ్చిన చట్టంతో గ్రామోద్యోగాలు రద్దు చేసి, ఆ మాన్యాలు అనుభవిస్తున్నవారికే తిరిగి ఇచ్చినారు. అట్లా మాకు చెరువు కింద ముప్పాతిక ఎకరం మిగిలింది. పని రద్దయినా వూరివాళ్ళు నీరుగంటిని వదులుకోలేదు, మా నాయన తూము ఎత్తుతూనే వచ్చినాడు. తరువాత బోరుబావులు వచ్చినాయి. ఎవరి మోటారు వారిది, ఎవరి నీళ్ళు వారివి. వంతులు పోయినాయి, వంతులతోపాటు నీరుగంటి పనీ పోయింది.

పోయిన దసరాకు ముందు మా తమ్ముడు ఫోను చేసినాడు. "అన్నా, ఆ ముప్పాతిక ఎకరానికి బేరం వచ్చింది. సైట్లు వేసేవాళ్ళు అడుగుతున్నారు. పెద్దపిల్లను కాలేజీలో చేర్చాలి. నువ్వు వచ్చి సంతకం పెట్టిపో" అన్నాడు. తమ్ముణ్ణి తప్పు పట్టను. ఊళ్ళో ఉండి నాయనను చూసుకునేది వాడు. బోరు వేస్తే వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని నేల అది. పడినా ఆ నీళ్ళలో ఫ్లోరైడు. నేను హుబ్లీలో నెలజీతం తీసుకుంటూ, "అమ్మవద్దురా" అని చెప్పడం తేలిక.

సరే అని సెలవు పెట్టి, మా ఇంట్లోవారిని, పదేళ్ళ అమ్మాయిని తీసుకుని బయలుదేరినాను. హుబ్లీనుంచి బెంగుళూరు, అక్కణ్ణుంచి హిందూపురం లైనులో గౌరిబిదనూరు దిగి, బస్సులో వూరు చేరినాము. రాత్రి భోజనాలవేళ సంతకం సంగతి వచ్చింది. నాయన అరుగుమీద కూర్చుని అన్నీ విన్నాడు. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు ఎక్కువ నడవలేడు. అందరి మాటలూ అయిన తరువాత నన్ను పిలిచి ఒకే మాట అన్నాడు. "సంతకం పెట్టేదానికి గుడిబండకు పోవాల గదా. బస్సులో పోవద్దు. నా సైకిలు తీసుకుని చెరువు కట్టలమీదనే పో. చూసి పెట్టు."

అది వద్దనడమూ కాదు, సరేననడమూ కాదు.

మా నాయన సైకిలు నాకన్న పెద్దది. నల్ల రంగు, కడ్డీ ఉన్నది, వెనక సీటుకు రబ్బరు పట్టీ. తూము కాడ దించడానికి రాత్రివేళ లాంతరు తగిలించుకుని పోయిన సైకిలు అది. గొలుసుకు నూనె పోసి, చక్రాలకు గాలి కొడితే నడిచింది. అమ్మాయికి మా తమ్ముని పెద్దకూతురి పాత సైకిలు దొరికింది. కర్ణాటకలో 2006-07 నుంచి ప్రభుత్వ బడులలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇస్తూ వచ్చినారు గదా, అందులోది. అమ్మాయికి సైకిలు వచ్చు గాని రైల్వే కాలనీ సిమెంటు రోడ్డు తప్ప వేరే నేలమీద తొక్కలేదు. హుబ్లీ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్ల పొడుగైనదని, 1,507 మీటర్లని మనం అందరికీ గొప్పగా చెప్పుకుంటాము. మా అమ్మాయి చూసిన పెద్ద దూరం అదే.

పొద్దున ఆరింటికి బయలుదేరినాము. వేసవిలో అయితే ఇంకా ముందే బయలుదేరవలెను, తొమ్మిది దాటితే బండలు సెగ కొడతాయి. ఒక సీసా నీళ్ళు చాలవు, మనిషికి రెండు పెట్టుకున్నాము. మా అమ్మ వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్కలు మూటకట్టి ఇచ్చింది. గాలి పంపు, పంచరు అతికే సామాను సంచిలో వేసుకున్నాను. ఈ దారులలో తుమ్మముళ్ళు విస్తారం. పంచరు కాకుండా ఇల్లు చేరితే అదృష్టమనుకోవాలి. మాకు ఒకటే పడింది.

మొదట మా వూరి చెరువు కట్ట ఎక్కినాము. కట్ట అంటే తెలియని పిల్లలున్నారు ఇక్కడ, వాళ్ళకోసం చెపుతాను. వాన నీళ్ళు పల్లానికి పారిపోకుండా అడ్డంగా వేసిన పెద్ద మట్టిగట్టు అది. నీళ్ళవైపు అల కొట్టి మట్టి కరిగిపోకుండా రాళ్ళు పేర్చి ఉంటారు. కట్టపైన ఎడ్లబండి పట్టేటంత వెడల్పు. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క కింద పచ్చటి మళ్ళు. పైన కానుగ చెట్లు, చింతచెట్లు. ఎత్తుపల్లాలు లేవు. చిన్నపిల్లలు తొక్కడానికి ఇంతకన్న తేలికైన దారి నేను ఎక్కడా చూడలేదు. ఎదురుగా లారీ రాదు, హారను లేదు. ఒక్కటే జాగ్రత్త. వాన పడిన మరునాడు కట్ట ఎక్కవద్దు, నల్లమట్టి చక్రానికి చుట్టుకుని కదలనివ్వదు. తూము దగ్గర, మరవ దగ్గర తప్పకుండా దిగి నడిపించుకోవాలి. నీళ్ళు ఎంత నెమ్మదిగా కనపడినా దిగవద్దు. ఒండ్రు తీసుకుపోవడానికి లోపల తవ్విన గుంతలు పైకి తెలియవు.

తూము దగ్గర దిగినాము. రెండు నిలువు రాళ్ళు, వాటి నడుమ అడ్డరాళ్ళు, అడ్డరాళ్ళకు కన్నాలు. ఆ కన్నాలలోనుంచి పొడుగాటి కాడ కిందికి దిగుతుంది. కాడ కొసన కొయ్య బిరడా. దాన్ని ఎత్తితే కట్ట కిందనుంచి కాలువలోకి నీళ్ళు పోతాయి. ఎంత ఎత్తితే ఎంత నీళ్ళనేది మా నాయన చేతికి తెలుసు. ఇప్పుడు కాడ తుప్పు పట్టి ఉన్నది. అమ్మాయి దాన్ని పట్టుకుని ఊపి చూసింది, కదలలేదు.

"దీన్ని తాత ఒక్కడే ఎత్తేవాడా నాన్నా?" అని అడిగింది.

ఎత్తేవాడన్నాను. ఎత్తడానికి ముందు చొక్కా విప్పి కట్టమీద పెట్టి, ఊపిరి బిగపట్టి నీళ్ళలోకి మునిగి, బిరడా చుట్టూ చేరిన చెత్త తీసి వచ్చేవాడన్నాను. నా వయసు అప్పుడు దాని వయసే. ఆయన మునిగినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాణ్ణి. ఒకసారి డెబ్బైదాకా లెక్కపెట్టి ఏడ్చేసినాను.

అమ్మాయి తన సంచిలోనుంచి నోటుపుస్తకం తీసింది. తూము, కాడ, కట్ట, మరవ, మేర, వంతు, ఆయకట్టు. ఒక్కొక్క మాట నన్ను అడిగి వ్రాసుకున్నది. చూస్తే అన్నీ కన్నడ అక్షరాలలో ఉన్నాయి. అక్షరం నేర్పని తప్పు నాదే. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఎన్ని ఆదివారాలు వచ్చినాయో నాకు తెలుసు. అయినా ఒక చిన్న సంగతి చెపుతాను, నవ్వకండి. నేను కూడా తెలుగు అక్షరాలు బడిలో నేర్వలేదు. స్టేషనులో హిందూపురం, గుంతకల్లు పోయే పార్సిళ్ళ మీది చీటీలు చూసి చూసి నేర్చుకున్నాను. ఈ ప్రసంగం కూడా నేను చెపుతుంటే వ్రాసిపెట్టి, తప్పులు దిద్దింది మన కార్యదర్శిగారే.

కట్ట దాటిన తరువాత మట్టిబాట గుట్టల పక్కగా పోతుంది. అక్కడినుంచి అటవీశాఖవారి నేల. అడవి అనగానే మీరు శ్రీశైలం అడవి ఊహించుకోవద్దు. మా అడవి మోకాలెత్తు, మనిషెత్తు. తంగేడు, సీతాఫలం, బలుసు, మోదుగ, అక్కడక్కడ వేప. హద్దు రాళ్ళకు నంబర్లు వేసి ఉంటాయి. తంగేడు పూసినకాలంలో గుట్ట అంతా పసుపు చల్లినట్లుంటుంది. నెమళ్ళు బాటకు అడ్డంగా నడిచి పోయినాయి. మా అమ్మాయి సైకిలు ఆపి ఊపిరి తీయకుండా నిలబడ్డది. వాటికి మాత్రం మేము లెక్కలేదు. కోళ్ళలాగానే నడిచిపోయినాయి.

అడవిలో పోయేవారు తెలుసుకోవలసినవి రెండు మూడు ఉన్నాయి. నడిచే బాట వదలి లోపలికి పోవాలంటే అటవీశాఖవారి అనుమతి కావాలి. నిప్పు చేయరాదు. ఎండుగడ్డి ఒక అగ్గిపుల్లకు గుట్ట గుట్టా అంటుకుంటుంది. ఇక పొద్దు వంగకముందే బయటపడాలి. ఆ బండల సందుల్లో ఎలుగుబంట్లు ఉంటాయి, చిరుతలూ ఉంటాయి. పగలు అవి మన జోలికి రావు. సాయంత్రంపూట సీతాఫలాలకోసం దిగే ఎలుగు ఎదురైతే మాత్రం సైకిలు గంట పనిచేయదు.

కొంతదూరం పోయినాక తోపు మారింది. చుట్టూ నీలగిరి చెట్లు, వరసలు వరసలుగా. నీడ ఉన్నట్లే ఉంటుంది గాని కింద గడ్డి మొలవదు, పక్షి కూయదు. మా ప్రాంతంలో మళ్ళు పండని రైతులు కూడా పొలాలలో నీలగిరి నాటుకున్నారు. కూలీ ఖర్చు లేదు, కాపలా లేదు, ఏడెనిమిదేళ్ళకు కొట్టి అమ్ముకోవచ్చు. వేరు మాత్రం లోతుకు పోయి నేలలో నీళ్ళు తాగుతుంది. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. పాత మోళ్ళు చిగురిస్తూనే ఉన్నాయి. అక్కడే పంచరు పడింది. ముల్లు తీసి, రబ్బరు గీకి, అతికి గాలి కొట్టేలోపల అమ్మాయి సగం బెల్లం తినేసింది.

గుడిబండ దగ్గరికి వచ్చేసరికి ముందు కొండ కనపడుతుంది. ఒకే పెద్ద బండ లేచి నిలబడ్డట్లుంటుంది, దానిమీద బైరేగౌడ కట్టించిన కోట. పాలెగాడు. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టేవాడని మా వూళ్ళలో కథలు. ఎంతవరకు నిజమో నేను పూచీ ఇవ్వలేను. కోటకన్న నాకు గొప్పగా కనపడినది అతని పేరుతో ఉన్న చెరువు, అమానీ బైరసాగరం. మా వూరి చెరువును పది తెచ్చి అందులో పడేయవచ్చు. అమానీ అంటే సర్కారు నేరుగా చూసుకునేదని. ఆ చెరువు గట్టున చాలాసేపు సైకిళ్ళు తొక్కినాము. గాలికి అలలు రాళ్ళను కొడుతున్నాయి. కొంగలు, నీటికోళ్ళు. గట్టున ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ మా అమ్మాయిని, "ఎవరి పాపమ్మా నువ్వు?" అని అడిగినాడు. మా నాయన పేరు చెప్పింది. "ఓ, నీరుగంటి మనుమరాలివా! మీ తాత రాత్రిపూట లాంతరు పట్టుకుని పోతుంటే కొరివిదయ్యమని పిల్లలం భయపడేవాళ్ళం" అని నవ్వినాడు. తరువాత నా వైపు తిరిగి, "ఏమన్నా, ఇంత పొద్దున్నే ఏం పనిమీద?" అన్నాడు. సంతకం పెట్టడానికి వచ్చినానని చెప్పలేకపోయినాను. కోట చూపించడానికన్నాను.

అన్న తరువాత చూపించాలి గదా! సైకిళ్ళు కింద పెట్టి కొండ ఎక్కినాము. మెట్లు బండలోనే తొలిచినవి, చిన్నవాళ్ళయినా ముప్పావు గంటలో ఎక్కగలరు. పైన బండలలో నీటి గుండాలు ఉన్నాయి. కొండమీద పడిన వాన ఒక్క చుక్క కూడా పోకుండా పట్టుకోవడానికి ఏర్పాటు. తేనెపట్లు ఉన్నచోట గట్టిగా అరవడం, పొగ పెట్టడం చేయకండి.

పైనుంచి చూస్తే బైరసాగరం భారతదేశం పటంలాగా కనపడుతుందని అందరూ చెపుతారు. నిజంగానే కనపడుతుంది. పైన వెడల్పు, కిందికి వచ్చేకొద్దీ సన్నం. అమ్మాయి చేయి చాపి, "హుబ్లీ ఎక్కడ?" అన్నది. ఇక్కడ అని చూపించినాను. "తాత వూరు?" అన్నది. ఇక్కడ అన్నాను. రెండింటి మధ్య నా చిటికెన వేలంత దూరం లేదు. "అయితే మనం ప్రతి సెలవుకూ ఎందుకు రాము?" అన్నది. లీవు చిక్కదమ్మా అన్నాను. అది నిజమే గాని పూర్తి నిజం కాదు.

అక్కడ కూర్చుని నేను దానికి ఇంకొక సంగతి చెప్పినాను, మీకూ చెపుతాను. నెల్లూరువారు, కడపవారు, అనంతపురంవారు వినవలసిన సంగతి. మా నంది కొండల చుట్టుపట్లనే పెన్న పుడుతుంది, చిత్రావతి పుడుతుంది. పెన్న గౌరిబిదనూరు మీదుగా హిందూపురంవైపు పోతుంది. చిత్రావతి బాగేపల్లి దాటి, పుట్టపర్తి, ధర్మవరంవైపు పోయి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. మా చెరువులు మరవ పారితే ఆ నీళ్ళు ఏదో ఒక వాగున పడి చివరకు పెన్నకే చేరవలెను. పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. అందుకనే పైన మేము ఒక కట్ట వేస్తే కింద మీకు గుండె దడ. ఈ తగాదా ఈనాటిది కాదు. మద్రాసు ప్రభుత్వం సమ్మతి ముందుగా తీసుకోకుండా మైసూరువారు కొత్త నీటి కట్టడాలు కట్టరాదని 1892లోనే ఒప్పందం చేసుకున్నారు. బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు కట్టడం లేచినప్పుడు మళ్ళీ రెండు రాష్ట్రాలూ పోట్లాడుకున్నాయి. ఇటూ తెలుగువాళ్ళే, అటూ తెలుగువాళ్ళే. దాహం అయినప్పుడు భాష అడ్డురాదు, సాయమూ రాదు. మా నాయన అయితే ఈ తగాదాను ఒక్క ముక్కలో తేల్చేవాడు. నీళ్ళు తక్కువైన ఏడు ఆఖరి మడినుంచి మొదలుపెట్టి పైకి రావాలనేది మా చెరువు కింద కట్టుబాటు. మొదటి మడివాడు ఎట్లాగూ తడుపుకుంటాడు. రాష్ట్రాలకు నీరుగంటి లేడు, అదే చిక్కు.

2021 నవంబరు వానలకు మా జిల్లాలో చెరువులు పొంగిపొర్లినాయి. ఆ ఏడు మా నాయన ఫోనులో, "మరవ పారిందిరా" అని చెప్పినప్పుడు ఆయన గొంతు వేరుగా ఉన్నది. నేను డ్యూటీలో ఉన్నాను. సరే నాయనా, తరువాత మాట్లాడతానన్నాను. తరువాత మాట్లాడలేదు.

కొండ దిగి రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరికి పోయినాము. తమ్ముడు బస్సులో ముందే వచ్చి ఉన్నాడు. కొనేవాళ్ళ మనిషి ఉన్నాడు, కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. అమ్మాయి సైకిళ్ళ దగ్గర కాపలా నిలబడ్డది. కాగితంలో చదివినాను, తూర్పున ఫలానావారి పొలం, పడమర చెరువు కాలువ. ఆ కాలువ ఇప్పుడు పొదలతో పూడిపోయి ఉన్నది. కాగితంలో మాత్రం పారుతూనే ఉన్నది.

నేను తమ్ముణ్ణి పక్కకు పిలిచి, కాలేజీకి ఎంత కావాలిరా అని అడిగినాను. చెప్పినాడు. మా ఉద్యోగుల సహకార సంఘంలో అప్పు తీసి ఇస్తాను, భూమి ఇప్పుడు వద్దు అన్నాను. వాడికి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, "సరే అన్నా, ఉంచుదాం. నువ్వు వచ్చి చేసుకుంటావా?" అని అడిగినాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నా సర్వీసు ఇంకా ఇరవై ఏళ్ళకు పైన ఉన్నది. కొనేవాళ్ళ మనిషి పెద్దమనిషే, ఒక దండం పెట్టి వెళ్ళిపోయినాడు. తమ్ముడు బస్సెక్కినాడు. అప్పు తీసి ఇచ్చినాను, నెలనెలా జీతంలో కోత పడుతున్నది. పిల్ల కాలేజీకి పోతున్నది. పొలం బీడుగానే ఉన్నది. మంచి చేసినానో, తమ్ముడి నెత్తిన నా మనసులోని బరువు పెట్టినానో నాకు తెలియదు. మా ఇంట్లోవారు రెండోదే అంటారు.

తిరుగు ప్రయాణంలో కడుపునిండా తిని, చెట్టుకింద ఒక నిద్ర తీసి, ఎండ తగ్గినాక అడవి బాట వదలి తారురోడ్డు వెంట వచ్చినాము. అయితే హైదరాబాదు రోడ్డు, అదే పూర్వం 7 నంబరు, ఇప్పుడు 44 నంబరు జాతీయ రహదారి, మా తాలూకా మీదుగానే పోతుంది. దానిమీద పిల్లలతో సైకిలు ఎక్కవద్దు. లారీలు గాలితోనే పడగొడతాయి.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టినారు. నాయన అరుగుమీదనే ఉన్నాడు. సంతకం సంగతి అడగలేదు. తమ్ముడు ముందే చెప్పి ఉంటాడు. "మన తూము కాడ ఎట్లుంది?" అని అడిగినాడు. తుప్పు పట్టిందన్నాను. అమ్మాయి నోటుపుస్తకం తీసి తాత పక్కన కూర్చుని తాను వ్రాసుకున్న మాటలు ఒక్కొక్కటే చదివింది. ఆయన మధ్య మధ్య ఆపి, "అది కాదు, ఇంకొకటుంది, వ్రాసుకో" అంటూ పోయినాడు. మా నాయనకు ఏ అక్షరాలూ రావు. కన్నడమో తెలుగో ఆయనకు తేడా లేదు. అన్నానికి పిలిస్తే ఇద్దరూ లేవలేదు. పొద్దున లెక్కపెడితే డెబ్బైనాలుగు మాటలు ఉన్నాయి. వాటిలో పదిహేను నాకూ తెలియవు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఇక ముగిస్తాను. మీలో ఎవరైనా పిల్లలతో ఆ వైపు పోవాలనుకుంటే నాలుగు సంగతులు చెప్పి కూర్చుంటాను. గుడిబండ బెంగుళూరుకు వంద కిలోమీటర్ల లోపే. వానలు వెనకబట్టిన తరువాత, కార్తీకంనుంచి మాఘందాకా మంచికాలం. సైకిళ్ళు అక్కడ అద్దెకు దొరుకుతాయని నమ్ముకోవద్దు, మీవి తీసుకుపోండి. సైకిలును బండిలో మీ పెట్టె కింద దూర్చవద్దు. పార్సిలు ఆఫీసులో రసీదు తీసుకుంటే బ్రేకువానులో వేస్తారు. పేరు, ఊరు వ్రాసిన చీటీ గట్టిగా కట్టండి, హాండిలుకు గోనెపట్టా చుట్టండి. బండి రెండు నిమిషాలే ఆగే చిన్న స్టేషనుకు బుక్ చేయకండి, బెంగుళూరులోనే దించుకోవడం మేలు. బండి కదలడానికి ఒక గంట ముందయినా రావలెను. మన సంఘంవారని చెపితే చీటీ నేనే తెలుగులో వ్రాసిపెడతాను. డబ్బు మాత్రం తగ్గించలేను, రసీదు రసీదే.

వచ్చే దసరాకు మేము మళ్ళీ పోతున్నాము. ఈసారి ఒక డబ్బా గ్రీజు కూడా తీసుకుపోతున్నాము, ఆ కాడకు పూసి చూద్దామని అమ్మాయి పట్టుబట్టింది. రాదలచినవారు పేర్లు ఇవ్వండి.